రెండు 2000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లను సమాంతరంగా నడిపితే 50 కిలో ఆంపియర్ల ప్యానెల్ తట్టుకుంటుందా?

ప్రశ్న: రాయగడ నుంచి, ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ నిర్వహణ

సభ్యులందరికీ నమస్కారం. రాయగడ జిల్లాలో ఒక మధ్యతరహా ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రికల్ నిర్వహణ చూస్తున్నాను. మాకు 33 కేవీ లైను మీద సరఫరా వస్తుంది. ఇన్నాళ్లూ 2000 కేవీఏ, 33/0.433 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే ఉండేది. విస్తరణ కోసం అదే సైజులో రెండోది వేసి, మెయిన్ ప్యానెల్‌ను రెండు బస్ సెక్షన్లుగా చేసి, మధ్యలో వాటిని కలిపే బ్రేకర్ (బస్ కప్లర్) పెట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి ప్యానెల్‌లోకి వచ్చే బ్రేకర్లు (ఇన్‌కమర్లు) రెండూ, కప్లరూ 3200 ఆంపియర్ల ఏసీబీలు (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్లు). వాటి మీదా, బస్‌బార్ల పలక మీదా 1 సెకనుకు 50 కిలో ఆంపియర్లు అని ఉంది, అంటే అంత ఫాల్ట్ కరెంటును 1 సెకను తట్టుకుంటాయని. ఔట్‌గోయింగ్ ఫీడర్లకు కొత్త సెక్షన్‌లో 50 కిలో ఆంపియర్ల ఎంసీసీబీలు (మౌల్డెడ్ కేస్ సర్క్యూట్ బ్రేకర్లు), పాత సెక్షన్‌లో ఎక్కువగా 36 కిలో ఆంపియర్లవి ఉన్నాయి. ఒక్కో సెక్షన్ మీద ఒకేసారి నడిచే మోటార్ల లోడు సుమారు 600 కిలోవాట్లు. 33 కేవీ వైపు ఫాల్ట్ లెవెల్ (షార్ట్ అయితే గ్రిడ్ ఇవ్వగల శక్తి) 350 ఎంవీఏ అని డిస్కం నుంచి ఉత్తరం తీసుకున్నాము.

ఒక ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అయినా మిల్లు ఆగకూడదని, కాబట్టి కప్లర్‌ను ఎప్పుడూ మూసే ఉంచాలని ఉత్పత్తి విభాగం వారు పట్టుబడుతున్నారు. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఫాల్ట్ కరెంటు 50 లోపే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదని ప్యానెల్ బిగించిన కాంట్రాక్టరు అంటున్నారు. నాకు ఆ మాట మింగుడు పడటం లేదు. సంతకం చేయవలసింది నేను కనుక, లెక్క అడుగడుగునా తెలుసుకోవాలని ఈ ప్రశ్న పెడుతున్నాను.

దీనితో ముడిపడిన మరో సంగతి కూడా ఉంది. మెయిన్ ప్యానెల్ నుంచి 80 మీటర్ల దూరంలో పంపుహౌస్ ఉంది. దానికి మూడున్నర కోర్ల 50 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఎక్స్ఎల్‌పీఈ కేబుల్, 125 ఆంపియర్ల థర్మల్ మాగ్నెటిక్ ఎంసీసీబీ ఉన్నాయి. అక్కడ స్టార్-డెల్టా స్టార్టర్లతో రెండు 22 కిలోవాట్ల పంపులు నడుస్తాయి. వానల్లో పంపుహౌస్ వైపు గ్లాండులోకి (కేబుల్ కొసను బోర్డుకు బిగించే అమరికలోకి) నీరు దిగి, ఒక ఫేజు కేబుల్ కవచానికి (ఆర్మర్‌కు) అంటుకుని కాలిపోయింది. ఆశ్చర్యమేమిటంటే ఆ ఫీడరు ఎంసీసీబీ కదలలేదు, మెయిన్ ఇన్‌కమర్ ఎర్త్ ఫాల్ట్ మీద పడిపోయి ఫ్యాక్టరీ అంతా చీకటైంది. ఇన్‌కమర్ ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ 20 శాతం, 0.3 సెకను. ఎంసీసీబీని వెంటనే తెరిచే మాగ్నెటిక్ సెట్టింగ్ దాని రేటింగ్‌కు 10 రెట్ల మీద ఉంది. ఎంసీసీబీని విప్పి పరీక్షింపజేస్తే బాగానే పనిచేస్తోందన్నారు. మరి ఎందుకు పడలేదు?

సరఫరా లేనప్పుడు 1010 కేవీఏ డీజీ (డీజిల్ జనరేటర్) సెట్టు మీద నడుపుతాము. అప్పుడు ఈ సెట్టింగులే సరిపోతాయా అన్నది మూడో సందేహం.

జవాబు: జయపురం నుంచి, రక్షణ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజినీరు

మీ అనుమానం సరైనదే. కప్లర్ మూసి నడపడానికి ఒప్పుకోవద్దు. కాంట్రాక్టరు ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌ను విడిగా చూసి మాట్లాడుతున్నారు. కప్లర్ మూసి ఉన్నప్పుడు ఫాల్ట్ ఎక్కడ జరిగినా రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ కలిసి ఆ చోటికే కరెంటు పంపుతాయి.

లెక్క ఇలా వేయండి. 2000 కేవీఏను 0.433 కేవీతోనూ 1.732తోనూ భాగిస్తే ఫుల్ లోడ్ కరెంటు 2667 ఆంపియర్లు వస్తుంది. ఇంపెడెన్స్ (కరెంటుకు ట్రాన్స్‌ఫార్మర్ కలిగించే అడ్డు) 6.25 శాతం అనుకుని, వెనుక గ్రిడ్ అనంతమని భావిస్తే, 2667ను 0.0625తో భాగించగా 42.7 కిలో ఆంపియర్లు. గ్రిడ్‌ను కూడా లెక్కలోకి తెస్తే, 2 ఎంవీఏ బేస్ మీద 350 ఎంవీఏ ఫాల్ట్ లెవెల్ అంటే 0.0057 పర్ యూనిట్ (0.57 శాతం). రెండూ కలిపితే 0.0682, అంటే 39.1 కిలో ఆంపియర్లు. గ్రిడ్ ఇంపెడెన్స్ వల్ల తగ్గింది మూడున్నర కిలో ఆంపియర్లే. డిస్కం ఉత్తరం రాలేదని లెక్కను వాయిదా వేసే వారిని చాలామందిని చూశాను. గరిష్ఠ ఫాల్ట్ కరెంటుకు ఆ ఉత్తరం కోసం ఆగనక్కర లేదు, గ్రిడ్‌ను అనంతమనుకుని వేస్తే మనం సురక్షితమైన వైపే ఉంటాము.

ఇప్పుడు మోటార్లు. బస్ మీద వోల్టేజి కూలిన క్షణంలో నడుస్తున్న ఇండక్షన్ మోటార్లు జనరేటర్లలా మారి, తమ స్టార్టింగ్ కరెంటుకు దగ్గరగా కొన్ని సైకిళ్ల పాటు ఫాల్ట్‌కు కరెంటు అందిస్తాయి. 600 కిలోవాట్లకు మోటార్ల మొత్తం కరెంటు సుమారు 1070 ఆంపియర్లు. దానికి 5 రెట్లు తీసుకుంటే 5.3 కిలో ఆంపియర్లు. నడుస్తున్న మోటార్ల మొత్తం రేటెడ్ కరెంటు, మోటార్లు లేకుండా వచ్చిన ఫాల్ట్ కరెంటులో 1 శాతం మించకపోతేనే ఈ భాగాన్ని వదిలేయవచ్చని అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60909 అంటుంది. మీ దగ్గర అది రెండున్నర శాతం దాటింది కనుక వదలరాదు. కాబట్టి ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక సెక్షన్ విడిగా ఉన్నప్పుడు 44.4 కిలో ఆంపియర్లు. 50 రేటింగ్‌కు లోబడే ఉంది.

కప్లర్ మూస్తే ట్రాన్స్‌ఫార్మర్ల ఇంపెడెన్స్ సగమై 0.03125 అవుతుంది. దానికి గ్రిడ్ 0.0057 కలిపితే 72 కిలో ఆంపియర్లు వస్తాయి. రెండు సెక్షన్ల మోటార్లనూ చేరిస్తే 83 దాకా పోతుంది. బస్‌బార్ల మధ్య బలం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కనుక 50కి తయారైన సపోర్టుల మీద రెండున్నర రెట్లకు పైగా బలం పడుతుంది. బ్రేకర్ తెరుచుకునే లోపే, మొదటి అర్ధ సైకిల్‌లోనే ఇన్సులేటర్లు విరిగే ప్రమాదం ఉంది.

ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నప్పుడు కూడా ఆర్ఎంఎస్ విలువ ఒక్కటే చూసి ఊరుకోకండి, శిఖర విలువను కూడా చూడండి. ఐఈసీ 60947-2 ప్రకారం 50 కిలో ఆంపియర్ల బ్రేకర్‌కు మేకింగ్ సామర్థ్యం (ఫాల్ట్ మీద మూసుకోగల శక్తి) 2.1 రెట్లు, అంటే 105 కిలో ఆంపియర్ల శిఖరం. ఆ గుణకం 0.25 పవర్ ఫ్యాక్టర్ ఉన్న పరీక్షా సర్క్యూట్‌కు చెందినది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న బస్ మీద పవర్ ఫ్యాక్టర్ అంతకంటే తక్కువగా ఉంటుంది. రాగి నష్టం 20 కిలోవాట్లు అనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ నిరోధం 1 శాతం, మొత్తం ఆర్/ఎక్స్ (నిరోధానికీ రియాక్టెన్స్‌కూ మధ్య) నిష్పత్తి సుమారు 0.15, శిఖర గుణకం 2.33. 39.1కి 91 కిలో ఆంపియర్లు, మోటార్ల భాగం మరో 10, మొత్తం 101. 105కి ఇది బొటాబొటీ. కనుక ఇంపెడెన్స్ టెండరు కాగితం నుంచి తీసుకోవద్దు. ఈ తరగతి ట్రాన్స్‌ఫార్మర్లలో ఇంపెడెన్స్‌కు 10 శాతం అటూ ఇటూ మినహాయింపు ఉంది. 6.25కు బదులు 5.63 వచ్చి ఉంటే శిఖరం 108 దాటుతుంది, అప్పుడు కప్లర్ తెరిచి ఉన్నా బ్రేకర్ చాలదు. నేమ్‌ప్లేట్ మీద కొలిచి చెక్కిన విలువ చూసి ఇక్కడ రాయండి.

లోడు మార్చేటప్పుడు రెండు మూడు సెకన్లు మాత్రమే కలిపి, వెంటనే ఒకదాన్ని తెరుస్తామని కొందరు అడుగుతారు. ఆ మార్పిడి సమయంలోనే బ్రేకర్లు కదులుతాయి, పాత లోపాలు బయట పడేదీ అప్పుడే. మూడు బ్రేకర్లలో ఏవైనా రెండే మూసుకునేలా కాజిల్ తాళాలు (మూడు తాళాలకు రెండే చెవులు ఉండే ఏర్పాటు) గానీ, ఎలక్ట్రికల్ ఇంటర్‌లాక్ గానీ తప్పనిసరిగా ఉండాలి. ఉత్పత్తి విభాగం వారి ఇబ్బంది నిజమైనదే. దానికి దారి వేరే ఉంది: ఒక ఇన్‌కమర్ పడగానే కప్లర్ దానంతట అదే మూసుకునే ఏర్పాటు చేసి, ముఖ్యమైన మోటార్ల కంట్రోల్ సరఫరాను యూపీఎస్ మీద ఉంచి, వోల్టేజి తిరిగి వచ్చాక వాటిని వరుసగా మళ్లీ స్టార్ట్ చేయించాలి. ఇన్‌కమర్ పడింది బస్ ఫాల్ట్ వల్ల అయితే మాత్రం ఆ కప్లర్ మూసుకోకుండా అడ్డుకోవడం మరచిపోకండి. లేకపోతే ఆరోగ్యంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకువెళ్లి ఫాల్ట్ మీద వేసినట్టవుతుంది.

జవాబు: బరంపురం నుంచి, ప్యానెల్ తయారీ

గురువుగారి లెక్క ఇన్‌కమర్లకు, బస్‌బార్లకు సరిపోయింది. నన్ను కలవరపెట్టింది ప్రశ్నలో పక్కన చెప్పి వదిలేసిన మాట. పాత సెక్షన్ ఎంసీసీబీలు 36 కిలో ఆంపియర్లవి. కప్లర్ తెరిచి ఉన్నా ఆ బస్ మీద 44 ఉంది. అంటే కప్లర్ సంగతి అలా ఉంచితే, పాత సెక్షన్ ఇవాళ కూడా సురక్షితంగా లేదు. ఔట్‌గోయింగ్ టెర్మినళ్ల దగ్గరే షార్ట్ అయితే ఆ ఎంసీసీబీ తన సామర్థ్యానికి మించిన కరెంటును తెంచవలసి వస్తుంది. పెట్టె పగిలి, అయనీకరణ చెందిన వేడి వాయువు బస్ గదిలోకి వస్తే అది బస్ ఫాల్ట్‌గా మారుతుంది.

వెనుక 50 కిలో ఆంపియర్ల ఏసీబీ ఉంది కదా, అది కాపాడుతుందని ఇక్కడ కొందరు వాదించవచ్చు. అలా ఒక బ్రేకర్ మరొకదానికి అండగా ఉండటాన్ని కాస్కేడింగ్ అంటారు. అది ఆ రెండు మోడళ్లనూ కలిపి తయారీదారు పరీక్షించి పట్టికలో ఇచ్చినప్పుడే చెల్లుతుంది. పైగా మామూలు ఏసీబీ కరెంటును పరిమితం చేసే జాతిది కాదు, సెలెక్టివిటీ (ఫాల్ట్‌కు దగ్గరి బ్రేకరే ముందు పడటం) కోసం కావాలనే 0.2, 0.3 సెకన్లు ఆగుతుంది. అంతసేపటికి చిన్న ఎంసీసీబీ పని అయిపోతుంది. కనుక ఆ 36లను 50వి గానీ అంతకంటే పైవి గానీ వేసి మార్చండి. చోటు కుదరకపోతే హెచ్ఆర్‌సీ (భారీ ఫాల్ట్ కరెంటును తెంచగల) ఫ్యూజు స్విచ్‌లు వేయవచ్చు. మన మార్కెట్లో దొరికే 415 వోల్టుల హెచ్ఆర్‌సీ ఫ్యూజులకు 80 కిలో ఆంపియర్లు తెంచే సామర్థ్యం మామూలే.

ఎంసీసీబీ మార్చేటప్పుడు కేబుల్‌ను కూడా ఒకసారి చూడండి. 50 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఎక్స్ఎల్‌పీఈ కేబుల్ 1 సెకనుకు 4.7 కిలో ఆంపియర్లు మాత్రమే మోయగలదు. ప్యానెల్ దగ్గరి కొసన 39 కిలో ఆంపియర్లు పారితే దాని ఓర్పు 15 మిల్లీసెకన్ల లోపే. అందువల్ల అలాంటి ఫీడర్ల మీద ఆలస్యం పెట్టిన బ్రేకర్ పనికిరాదు, కరెంటును పరిమితం చేసే రకమే కావాలి. దాని లెట్-త్రూ శక్తి (తెంచే లోపు దాటిపోనిచ్చేది), కేబుల్ భరించగల 2.2 కోట్ల ఆంపియర్ స్క్వేర్ సెకన్ల కంటే తక్కువగా ఉందని తయారీదారు వక్రరేఖల్లో సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: రాయగడ నుంచి

గురువుగారికీ, బరంపురం మిత్రునికీ ధన్యవాదాలు. నేమ్‌ప్లేట్లు చూశాను. పాత ట్రాన్స్‌ఫార్మర్ 6.31 శాతం, కొత్తది 6.18 శాతం. తక్కువ విలువతో లెక్క వేస్తే 39.5, మోటార్లతో 44.8 కిలో ఆంపియర్లు వచ్చింది. పాత సెక్షన్‌లోని 36 కిలో ఆంపియర్ల ఎంసీసీబీల జాబితా తయారు చేసి, మార్పిడికి ప్రతిపాదన పెట్టాను. అయితే బస్ మీద ఇంత పెద్ద ఫాల్ట్ కరెంటు ఉన్నప్పుడు 80 మీటర్ల దూరంలోని పంపుహౌస్ ఫాల్ట్‌కు 125 ఆంపియర్ల ఎంసీసీబీ ఎందుకు కదలలేదో నాకు ఇంకా అంతుబట్టలేదు.

జవాబు: గుణుపురం నుంచి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు, టెస్టింగ్ పనులు

బస్ మీద ఉన్న కరెంటు పంపుహౌస్ దాకా రాదు కాబట్టే కదలలేదు. ఈ రంగంలో గరిష్ఠ విలువను వెతికేంత శ్రద్ధగా కనిష్ఠ విలువను ఎవరూ వెతకరు. గరిష్ఠం బ్రేకర్ తట్టుకుంటుందా అని చెబుతుంది, కనిష్ఠం బ్రేకర్ చూస్తుందా అని చెబుతుంది.

ముందుగా 80 మీటర్ల చివర మూడు ఫేజులూ కలిసిన ఫాల్ట్ చూద్దాం. 50 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ నిరోధం 20 డిగ్రీల వద్ద కిలోమీటరుకు 0.641 ఓములు, 80 మీటర్లకు 0.051. మీ ట్రాన్స్‌ఫార్మర్, గ్రిడ్ కలిసి 0.0064 ఓములే. అంటే కేబుల్ ఒక్కటే ఎనిమిది రెట్లు. మొత్తం ఇంపెడెన్స్ 0.054 ఓములు, ఫాల్ట్ కరెంటు 4.6 కిలో ఆంపియర్లు. 39 నుంచి నాలుగున్నరకు పడిపోయింది. అయినా 1250 ఆంపియర్ల మాగ్నెటిక్ సెట్టింగ్‌కు ఇది చాలినంతే. ఇక్కడితో ఆగేవారికి అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

కానీ మీకు జరిగింది ఒక ఫేజు కవచానికి అంటుకున్న ఎర్త్ ఫాల్ట్. కరెంటు వెళ్లే దారి ఫేజు తీగ, వచ్చే దారి కేబుల్ కవచమూ దాని వెంట వేసిన జీఐ (గాల్వనైజ్డ్ ఇనుప) పట్టీ. తిరుగు దారిని అంచనాకు సగం సైజు న్యూట్రల్‌తో, అంటే 25 చదరపు మిల్లీమీటర్ల తీగతో సమానమనుకోండి. కనిష్ఠ విలువకు తీగ వేడిగా ఉన్నట్టు లెక్కించాలి. 90 డిగ్రీల వద్ద ఫేజు తీగ కిలోమీటరుకు 0.82, తిరుగు తీగ 1.54, రెండూ కలిపి 2.36 ఓములు. 80 మీటర్లకు 0.19 ఓములు. 240 వోల్టుల ఫేజు వోల్టేజిని 5 శాతం తగ్గించి 228 వోల్టులు తీసుకుంటే ఫాల్ట్ కరెంటు సుమారు 1200 ఆంపియర్లు.

ఇప్పుడు మీ సెట్టింగులు పక్కన పెట్టి చూడండి. ఎంసీసీబీ మాగ్నెటిక్ 1250 ఆంపియర్లు, దానికి 20 శాతం తేడా అనుమతి ఉంది కనుక అది 1500 దాకా కదలకపోయినా లోపం కాదు. 1200 ఆంపియర్లు దాని దృష్టిలో ఓవర్‌లోడ్ మాత్రమే, థర్మల్ పట్టీ వంగి తెరవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఇన్‌కమర్ ఎర్త్ ఫాల్ట్ 3200లో 20 శాతం, అంటే 640 ఆంపియర్లు, 0.3 సెకను. అది తన పని తాను చేసింది. ఎంసీసీబీ పరీక్షలో బాగుందని తేలడం కూడా అందుకే. తడిసిన గ్లాండు దగ్గర ఆర్క్ ఏర్పడి ఉంటే కరెంటు ఇంకా తగ్గి ఉంటుంది కూడా.

దీనికి విరుగుడుగా ఇన్‌కమర్ ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్‌ను పెంచేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. అలా చేస్తే ఫ్యాక్టరీ చీకటి కాదు, కానీ కేబుల్ మండుతూనే ఉంటుంది. మార్చవలసింది ఫీడరును. 22 కిలోవాట్ల పంపు ఫుల్ లోడ్ సుమారు 40 ఆంపియర్లు. ఒకటి నడుస్తూ రెండోది నేరుగా స్టార్ట్ అయినా 280 దాటదు. కాబట్టి మాగ్నెటిక్‌ను 5 రెట్లకు, అంటే 625కు దించవచ్చు. తేడాతో కలిపినా 750లో కదులుతుంది. స్టార్ నుంచి డెల్టాకు మారే క్షణంలో చిన్న ఉరుకు ఉంటుంది కనుక, దించిన తర్వాత రెండు పంపులనూ పలుమార్లు స్టార్ట్ చేసి చూడండి.

దానితో పాటు ఆ ఫీడరుకు కోర్ బ్యాలెన్స్ సీటీ (వెళ్లే, వచ్చే కరెంట్ల తేడాను కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్), ఎర్త్ లీకేజి రిలే వేసి 1 ఆంపియర్, 0.1 సెకను మీద ఉంచండి. బిగించేటప్పుడు ఎక్కువగా తప్పు జరిగేది ఒక చోట ఉంది. మూడు ఫేజులూ న్యూట్రలూ సీటీ గుండా పోవాలి, కవచం పోకూడదు. కవచంతో సహా కేబుల్ మొత్తాన్ని సీటీలోంచి దూర్చితే, ఫేజులో వెళ్లిన ఫాల్ట్ కరెంటు కవచంలో తిరిగి వచ్చి లెక్క సున్నా అవుతుంది, రిలేకు ఏమీ కనబడదు. కేబుల్ అలా దూరక తప్పని చోట, గ్లాండు ఎర్త్ తీగను మళ్లీ అదే సీటీ గుండా వెనక్కు తెచ్చి ఎర్త్ బస్‌కు కలపాలి.

నేను న్యూట్రల్‌తో వేసిన 0.19 ఓములు అంచనా మాత్రమే. కవచం తుప్పు పట్టి ఉంటే నిజమైన విలువ ఎక్కువగా ఉంటుంది. లూప్ ఇంపెడెన్స్ టెస్టర్‌తో పంపుహౌస్ బోర్డు దగ్గర కొలవండి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిస్తే గ్లాండుల స్థితి కూడా తెలిసిపోతుంది.

జవాబు: కోరాపుట్ నుంచి, రిలే సెట్టింగుల పని

డీజీ సంగతి ఎవరూ ఎత్తుకోలేదు కనుక రాస్తున్నాను. 1010 కేవీఏ సెట్టు ఫుల్ లోడ్ 1405 ఆంపియర్లు. సబ్‌ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ (ఫాల్ట్ మొదటి క్షణాల్లో ఉండే రియాక్టెన్స్) 14 శాతం అయితే బస్ ఫాల్ట్‌కు మొదట 10 కిలో ఆంపియర్లు వస్తాయి, కొన్ని సైకిళ్లలోనే పడిపోతాయి. పర్మనెంట్ మాగ్నెట్ ఎక్సైటేషన్ (జనరేటర్ అయస్కాంత క్షేత్రానికి కరెంటు ఇచ్చే ఏర్పాటు) ఉంటే సుమారు 3 రెట్లు, అంటే 4.2 కిలో ఆంపియర్ల వద్ద కొన్ని సెకన్లు నిలుస్తుంది. షంట్ ఎక్సైటేషన్ అయితే ఫుల్ లోడ్ కంటే కూడా కిందికి జారవచ్చు. మీ సెట్టు ఏ రకమో ఆల్టర్నేటర్ పలక చూసి తెలుసుకోండి. ఇన్‌కమర్ షార్ట్ టైమ్ (కొద్ది ఆలస్యంతో తెరిచే) సెట్టింగ్ 8 రెట్ల మీద, అంటే 25 కిలో ఆంపియర్ల మీద పెట్టి ఉంటే, డీజీ మీద నడుస్తున్నప్పుడు ఆ స్థాయి ఫాల్ట్ పుట్టనే పుట్టదు. కనుక డీజీ బ్రేకర్‌కు విడిగా సెట్టింగులు కావాలి: షార్ట్ టైమ్ 2 రెట్ల దగ్గర, 0.3 నుంచి 0.4 సెకను. వోల్టేజి రిస్ట్రెయింట్ ఉన్న (వోల్టేజి పడితే తక్కువ కరెంటుకే పనిచేసే) ఓవర్‌కరెంట్ రిలే అయితే ఇంకా మేలు. పంపుహౌస్ ఎర్త్ ఫాల్ట్‌కు మాత్రం కేబుల్ నిరోధమే పెత్తనం చేస్తుంది కాబట్టి మొదట్లో డీజీ మీదా ఇంచుమించు అదే 1200 వస్తుంది.

33 కేవీ వైపు ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ అక్కడ 35 ఆంపియర్లు. కింది బస్ మీది 39 కిలో ఆంపియర్లు పైన 513 ఆంపియర్లుగా కనబడతాయి. పై రిలేలో ఆలస్యం లేకుండా పనిచేసే హైసెట్‌ను దీనికి 1.3 రెట్లు, సుమారు 670 వద్ద పెడితే కింది బస్ ఫాల్ట్‌కు అది తొందరపడదు, మాగ్నెటైజింగ్ ఇన్‌రష్‌కూ (ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆన్ చేసినప్పటి ఉరుకు కరెంటుకూ) పడదు. డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్ కింద రెండు ఫేజులు కలిస్తే, కింద 87 శాతం కరెంటే ఉన్నా పైన ఒక ఫేజులో మూడు ఫేజుల ఫాల్ట్ అంతటి కరెంటు పారుతుంది. పై రిలేకూ కింది ఏసీబీకీ మధ్య సమయపు ఎడం ఈ పరిస్థితికే సరిచూడాలి.

ప్రశ్న అడిగినవారు: రాయగడ నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఇంటర్‌లాక్ లేకుండా కప్లర్ మూయడానికి వీల్లేదని లెక్క జతచేసి లిఖితపూర్వకంగా ఇచ్చాను. ఆటో చేంజోవర్‌కు, ముఖ్యమైన మోటార్ల రీస్టార్ట్‌కు ఉత్పత్తి విభాగం ఒప్పుకుంది. పంపుహౌస్ బోర్డు దగ్గర లూప్ ఇంపెడెన్స్ కొలిస్తే, కేబుల్ చల్లగా ఉండగానే 0.24 ఓములు చూపింది. గుణుపురం మిత్రుడు అనుమానించినట్టే, గ్లాండు విప్పితే కవచం పట్టీల్లో సగం తెల్లగా పూసి తెగి ఉన్నాయి. కొత్త గ్లాండు వేసి, కవచంతో సమాంతరంగా మరో జీఐ పట్టీ లాగుతున్నాము. ఎంసీసీబీ 5 రెట్లకు దించాము, రెండు పంపులూ ఇబ్బంది లేకుండా స్టార్ట్ అవుతున్నాయి. డీజీ ఆల్టర్నేటర్ పలక మీద ఎక్సైటేషన్ రకం చెరిగిపోయి ఉంది. సీరియల్ నంబరుతో తయారీదారుకు రాశాను, జవాబు వచ్చాక డీజీ బ్రేకర్ సెట్టింగులు ఇక్కడే పెడతాను, కోరాపుట్ మిత్రులు ఒకసారి సరిచూడగలరు.